మూడో పలక

విజయవాడ ఆటోనగర్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఒక లేతు షెడ్డు నడుపుకునేవారు. తండ్రి మంచి టర్నరు. ఆయన పోయాక వీళ్లు షెడ్డును పంచుకోలేదు. ఒకే పుస్తకంలో లెక్కలు, ఒకే వంటింట్లో భోజనాలు. అన్న ఒక మాట అంటే తమ్ముడు "అంతే" అనేవాడు. తమ్ముడు ఒక పని తలపెడితే అన్న అడ్డు చెప్పేవాడు కాదు. వీధిలో వాళ్లను రామలక్ష్మణులని పిలిచేవారు. తండ్రి ఇచ్చిన షెడ్డుకన్నా ఆ పేరే పెద్ద ఆస్తి అని ఇద్దరూ నమ్మేవారు.

ఒక ఏడాది వాళ్లకు మంచి పని తగిలింది. కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లకు షాఫ్టులు కావాలని ఒక తయారీదారు వచ్చాడు. నెలనెలా సరుకు, సరుకు అందగానే డబ్బు. ఉన్న చిన్న లేతు మీద అంత పొడవు కడ్డీ పట్టదు. కొత్తది కొనే స్తోమత లేదు. ఇద్దరూ కలిసి పాత మిషన్లు అమ్మే వ్యాపారి గోదాముకు వెళ్లారు.

అక్కడ ఒక మూల, మూతబడిన ఏదో కర్మాగారం నుంచి వేలంలో వచ్చిన లేతు ఉంది. ఏడడుగుల బెడ్డు, బరువైన పోత ఇనుము, ఒంటినిండా తాజాగా కొట్టిన ఆకుపచ్చ రంగు. అన్నదమ్ములు అమాయకులేమీ కారు. రంగు కింద పుట్టీ ఉంటుందని తెలుసు కాబట్టి రంగును లెక్కలోకి తీసుకోలేదు. గేరుబాక్సు చప్పుడు వినబడకుండా నూనెలో రంపంపొట్టు కలిపి అమ్మేవాళ్లుంటారని తెలుసు కాబట్టి అడుగు బిరడా విప్పి నూనెను అరచేతిలోకి పట్టి చూశారు. చక్కు కింద కర్ర పెట్టి ఎత్తి, స్పిండిల్ బేరింగుల్లో లూజు ఎంతుందో చూశారు. లీడ్ స్క్రూ మరలను గోటితో తడిమారు. అన్న చూసినదాన్ని తమ్ముడు మళ్లీ చూశాడు, తమ్ముడు చూసినదాన్ని అన్న మళ్లీ చూశాడు. ఇద్దరికీ నచ్చింది.

వాళ్ల వెంట షెడ్డులో హెల్పరుగా చేసే కుర్రాడు కూడా వచ్చాడు. వాడికి అప్పగించిన పని ఒక్కటే. పెద్దవాళ్లు వంగి చూస్తుంటే చేతిచక్రం తిప్పి సాడిల్‌ను అటూ ఇటూ జరపడం. కాసేపు జరిపి వాడు అన్నాడు:

"అన్నా, చక్కు దగ్గర చక్రం తేలిగ్గా తిరుగుతోంది. ఆ కొసకి పోయేసరికి పట్టేస్తోంది."

"నూనె లేక," అన్నాడు అన్న.

"ఎన్నాళ్ల నుంచి పడుందో ఏమో," అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ ఒక మాట మీదున్నాక కుర్రాడు ఇంకేమంటాడు? బేరం కుదిరింది. తుక్కు కింద తూస్తే వచ్చేదానికన్నా కాస్త ఎక్కువ ధరకు లేతు లారీ ఎక్కింది.

లేతు గురించి తెలియనివారికి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చక్కులో పట్టిన కడ్డీ తిరుగుతూ ఉంటుంది. దాన్ని చెక్కే టూలు సాడిల్ మీద ఉంటుంది. ఆ సాడిల్, పట్టాల మీద రైలు పెట్టెలా, బెడ్డు మీద జరుగుతుంది. బెడ్డు ఎంత తిన్నగా ఉంటే కడ్డీ అంత తిన్నగా వస్తుంది. బెడ్డు ఎక్కడ వంగితే ఆ వంపు కడ్డీలో పడుతుంది. ఏ షెడ్డులోనైనా రోజూ వచ్చే పనుల్లో పొట్టివే ఎక్కువ కాబట్టి సాడిల్ ఎప్పుడూ చక్కుకు దగ్గరలోనే తిరుగుతుంటుంది. అందుకే బెడ్డు అక్కడే అరుగుతుంది. అవతలి కొస, టెయిల్‌స్టాకు ఉండే వైపు, పాతికేళ్ల తర్వాత కూడా కొత్తదిలాగే ఉంటుంది. ఆ అరుగుదల కంటికి ఆనదు. మిల్లీమీటరులో పదో వంతు ఉంటే చాలా ఎక్కువ కింద లెక్క. కానీ సాడిల్‌ను అరిగినచోట సరిపోయేలా బిగిస్తే అరగనిచోట అది కదలదు. కుర్రాడి చేతికి తెలిసింది ఇదే. వాడికి కారణం తెలియదు, చేతికి తగిలింది చెప్పాడు.

షెడ్డుకు తెచ్చాక అన్నదమ్ములు ఆ మిషనును విప్పని చోటు లేదు. పుట్టీ గీకేశారు. జిడ్డు పట్టిన గేర్లను కిరసనాయిలులో నానబెట్టి బ్రష్షుతో తోమారు. బేరింగులు మార్చారు, మోటారు రీవైండింగు చేయించారు, కొత్త బెల్టులు వేశారు. ఆ పనులన్నీ శుభ్రంగా చేశారు, వాటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

చివరికి సాడిల్ దగ్గరికొచ్చారు. సాడిల్ అడుగు బెడ్డు మీద సమంగా కూర్చోవాలి. తండ్రి చేయగా చూసిన పద్ధతి గుర్తుంది: బెడ్డుకు నీలం మందు పలచగా పూయడం, దాని మీద సాడిల్‌ను పెట్టి రెండంగుళాలు అటూ ఇటూ రుద్దడం, ఎత్తి చూడటం. ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుతుంది. అంటినచోట స్క్రేపరుతో సన్నగా గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ రుద్దాలి. కొన్నిసార్లు బెడ్డుకు పూసి సాడిల్‌ను గీకారు, కొన్నిసార్లు సాడిల్‌కు పూసి బెడ్డును గీకారు. పాత ఆకురాయిని సానబట్టి చేసుకున్న స్క్రేపరు పట్టి పట్టి అరచేతులు కాయలు కాశాయి. ఒక సాయంత్రం సాడిల్ ఎత్తి చూస్తే అడుగంతా ఒకే తీరుగా నీలం చుక్కలు పరుచుకుని ఉన్నాయి. ఖాళీ జాగా ఎక్కడా లేదు.

"కుదిరింది," అన్నాడు అన్న.

"కుదిరింది," అన్నాడు తమ్ముడు.

మొదటి విడత షాఫ్టులు తయారయ్యాయి. అన్న మైక్రోమీటరు పెట్టి రెండు కొసలూ కొలిచాడు. తమ్ముడు అదే మైక్రోమీటరుతో అవే కొసలు కొలిచాడు. రెండు లెక్కలూ ఒకటే. సరుకు పంపించారు.

మూడో రోజుకు మొత్తం సరుకు తిరిగొచ్చింది. బేరింగు కొస నుంచి హాయిగా ఎక్కి, నడుమ దాకా జరిగేలోపే బిగుసుకుపోతోందట. ఒక్కటి కాదు, అన్నీ అంతే. అన్నదమ్ములు మొదటిసారి నడుమ కొలిచి చూశారు. కొసలకన్నా లావుగా ఉంది.

కారణం ఇద్దరికీ అంతుపట్టలేదు. టూలు తప్పన్నారు, మార్చారు. కడ్డీ వంగుతోందన్నారు, ఊతం పెట్టారు. మోటారు వణుకుతోందన్నారు, బోల్టులు బిగించారు. ఒకరు అన్నదానికి ఇంకొకరు ఔనన్నారు. షాఫ్టు మాత్రం నడుమ లావుగానే వచ్చింది.

చివరికి ఎవరో చెబితే ఒక పెద్ద మేస్త్రిని పిలిచారు. ఆయన హైదరాబాదులో మిషన్లు తయారుచేసే కర్మాగారంలో ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక సొంతూరు వచ్చి ఉంటున్నాడు. షెడ్డులోకి వచ్చి సాడిల్ ఎత్తించి, అడుగు చూసి మెచ్చుకున్నాడు.

"మంచి గీత. ఓపిగ్గా చేశారు బాబూ. ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి చక్కగా కూర్చున్నాయి."

"మరి తప్పెక్కడుంది మేస్త్రిగారూ?"

"అక్కడే ఉంది. బెడ్డు సంగతి సాడిల్‌ని అడిగారు, సాడిల్ సంగతి బెడ్డుని అడిగారు. ఇందులో గుంట ఉంది. దానికి తగ్గట్టు అందులో మిట్ట వచ్చింది. గుంటలో మిట్ట పడితే నీలం నిండుగా అంటక ఏం చేస్తుంది? రెండింటికీ పొందిక కుదిరింది కానీ రెండూ తిన్నగా లేవు."

ఆయన వెంట ఒక పొడవాటి చెక్కపెట్టె తెచ్చుకున్నాడు. ఇద్దరు మనుషులు పడితే గాని లేవని బరువు. అందులో నూనెగుడ్డ చుట్టిన పోత ఇనుప కొలపలక ఉంది. అడుగు అంచు నున్నగా, తిన్నగా గీకినది.

ముందు లేతు కాళ్ల కింద సర్ది బెడ్డును మట్టానికి తెచ్చాడు. తాపీ మేస్త్రులు వాడే రసమట్టం ఇందుకు పనికిరాదు. మీటరు పొడవులో మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడాను కూడా చూపించే మట్టం కావాలి. బెడ్డు మెలితిరిగి ఉండగా ఏది కొలిచినా ఆ కొలత చెల్లదు. ఆ తర్వాత సిగరెట్టు కాగితాన్ని సన్నని పట్టీలుగా చించి, బెడ్డు మీద జానెడు దూరానికి ఒకటి చొప్పున పరిచాడు. వాటి మీద కొలపలకను మెల్లగా దించాడు.

"లాగండి," అన్నాడు.

తమ్ముడు ఒక కొస కాగితం లాగాడు. రాలేదు, గట్టిగా లాగితే చిరిగింది. అన్న రెండో కొసది లాగాడు. అదీ చిరిగింది. నడుమవి లాగారు. ఒక్కొక్కటీ ఏ పట్టూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. నాలుగు కాగితాలు అలా వచ్చాయి. ఆ నాలుగు ఉన్న మేరా బెడ్డుకీ పలకకీ మధ్య ఉన్నది గాలి. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాసేపటికి తమ్ముడు అడిగాడు. "మేస్త్రిగారూ, కోపం తెచ్చుకోకండి. మీ పలక తిన్నగా ఉందని నమ్మకమేంటి?"

మేస్త్రి ముఖం విప్పారింది. "అడగాల్సింది అదే నాయనా. నేను చెప్పానని నమ్మితే మీరు మళ్లీ మొదటికొస్తారు."

అప్పుడు ఆయన తన కుర్రతనపు ముచ్చట చెప్పాడు. అప్రెంటిసుగా చేరిన కొత్తలో ఇన్‌స్ట్రక్టరు ముగ్గురు కుర్రాళ్లకు మూడు పోత పలకలు ఇచ్చాడు. చదును చేసి తెమ్మన్నాడు. ఇద్దరు స్నేహితులు తమ పలకల్ని ఒకదాని మీద ఒకటి రుద్దుకుని గీకి, నీలం నిండుగా అంటేలా చేసి తీసుకెళ్లారు. ఇన్‌స్ట్రక్టరు ఏమీ అనకుండా మూడోవాడి పలక తెప్పించాడు. దానికి నీలం పూసి మొదటిదాన్ని పెడితే నడుమ మాత్రమే అంటింది. రెండోదాన్ని పెడితే అంచులకే అంటింది. ఒకటి ఉబ్బింది, ఇంకొకటి లోపలికి పోయింది. వాళ్లిద్దరి దగ్గరా ఉన్నంతసేపు అది బయటపడే దారే లేదు.

"మూడోవాడి పలక సరిగ్గా ఉందా మరి?" అని అడిగాడు అన్న.

"వాడిదీ వంకరే. ఆ మాట ఎవరూ మరిచిపోకూడదు. మూడింట్లో ఏదీ గురువు కాదు. ఒకటోది రెండోదానికి కుదరాలి, రెండోది మూడోదానికి కుదరాలి, మూడోది మళ్లీ ఒకటోదానికి కుదరాలి. అడ్డంగా తిప్పి పెట్టినా కుదరాలి. ఉబ్బు ఉన్నది పల్లంతో కుదురుతుంది గాని ఇంకో ఉబ్బుతో కుదరదు. మూడూ ఒకదానితో ఒకటి కుదరాలంటే మూడూ చదునుగా ఉండి తీరాలి, వేరే దారి లేదు. మేం ముగ్గురం గీకగా గీకగా ఆ చదును వచ్చింది. ఈ కొలపలకను అట్లాంటి వాటి మీద సరిచూసే తయారుచేసుకున్నా."

మర్నాటి నుంచి పని మొదలైంది. గుంటను వెల్డింగు పోసి పూడ్చేయొచ్చు కదా అన్నాడు తమ్ముడు. వేడికి బెడ్డు ఇంకా వంగుతుందని, పోసినచోట గట్టిపడి స్క్రేపరు తెగదని మేస్త్రి చెప్పాడు. గుంట ఎంత లోతుందో మిగతా బెడ్డంతా అంత లోతుకు దిగాలి. అంటే కొత్తదిలా మెరుస్తున్న అవతలి కొసనే అన్నిటికన్నా ఎక్కువ గీకాలి. అన్నకు ప్రాణం ఒప్పలేదు. "ఈ లేతులో చెడనిది ఆ ఒక్క చోటే కదండీ!" అన్నాడు.

"చెడలేదు బాబూ, పని తగల్లేదు. అరిగినచోటు ఇన్నేళ్లు కూడు పెట్టింది. దాన్ని తప్పు పట్టకూడదు. మిగతాది దాని దగ్గరికి దిగాలి."

స్క్రేపరు ఒక్కో వరసకు తీసేది రెండు మూడు మైక్రాన్లు. పోవలసింది వంద మైక్రాన్లకు పైన. మనిషి వెంట్రుక మందం ఆ వందకు అటూ ఇటూ ఉంటుంది. ఆ కాస్త దించడానికి వాన వెలిసి చలి పడేదాకా పట్టింది. పూయడం, కొలపలక రుద్దడం, చూడటం, గీకడం. ఒకరి చెయ్యి ఒక వాలుకు అలవాటుపడుతుంది కాబట్టి అన్న గీకిన వరసకు అడ్డంగా తమ్ముడు గీకాలని మేస్త్రి నియమం పెట్టాడు. చదరపు అంగుళంలో ఇరవై చుక్కలు లెక్కకు వచ్చేదాకా వదల్లేదు. ఆ చుక్కల మధ్య మిగిలే సన్నని పల్లాల్లోనే నూనె నిలుస్తుంది, సాడిల్ నూనె మీద తేలి జరుగుతుంది. అద్దంలా నునుపు చేస్తే నూనె నిలవక రెండూ పట్టేస్తాయి.

బెడ్డు తిన్నగా వచ్చాకే సాడిల్ ముట్టుకోనిచ్చాడు. బెడ్డు దిగినందుకు సాడిల్ కూడా దిగింది కాబట్టి లీడ్ స్క్రూ వరసకు అందేలా దాని అడుగున పట్టీ అతికించి, ఆ పట్టీని బెడ్డుకు గీకించాడు. ఈసారి చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే బిగితో నడిచింది. షాఫ్టు తిప్పి చూస్తే రెండు కొసలకూ నడుముకూ మధ్య తేడా 0.02 మిల్లీమీటరుకు మించలేదు.

కూలి డబ్బు తీసుకుని వెళ్లేటప్పుడు మేస్త్రి ఒక షరతు పెట్టాడు. "ఏ సరుకైనా మీ ఇద్దరూ చేయండి, మీ ఇద్దరూ కొలవొద్దు. తయారీలో చెయ్యి పెట్టని మనిషి చేత కొలిపించండి. మీరు కొలిచిన చోట్ల కాదు, ఆ మనిషికి తోచిన చోట కొలవనివ్వండి."

అన్న ఆ సాయంత్రమే మైక్రోమీటరు పెట్టె తీసుకెళ్లి కుర్రాడి చేతిలో పెట్టాడు. వాడు కాదన్న షాఫ్టు ఆ తర్వాత ఎప్పుడూ ఆ షెడ్డు గడప దాటలేదు.

నీతి

ఇద్దరి మాట కలిసినంత మాత్రాన అది నిజం కాదు. ఆ మాట కలపడంలో పాలు లేని మూడోవాడి ముందు పెట్టి చూసుకోవాలి. అన్నదమ్ములు సోమరులు కారు, మోసగాళ్లు కారు. ఒకరినొకరు నిజంగా ప్రేమించారు, ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు. వాళ్లను ముంచింది ఆ మంచితనంలోనే ఉన్న ఒక లోటు. ఒకరి వంకరకు ఇంకొకరు సరిపడా ఒదిగిపోయారు. కలిసి బతికే మనుషులు రోజూ కాస్త కాస్త రాచుకుని ఇలాగే ఒకరికొకరు సరిపోతారు. ఆ సరిపోవడం సుఖంగా ఉంటుంది కాబట్టి దాన్ని తిన్నదనం అనుకుంటారు.

మూడు పలకల పద్ధతి కథ కోసం కల్పించింది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లండు పనివాడు, 1803లో పుట్టినవాడు, 1825లో లండనులో హెన్రీ మాడ్‌స్లీ కర్మశాలలో చేరాడు. మాడ్‌స్లీ చదును పలక విలువ తెలిసినవాడు. తన పనివాళ్ల బల్లల మీద అలాంటి పలకలు ఉంచేవాడు. అప్పట్లో చాలాచోట్ల రెండు పలకల మధ్య కురుందం పొడి వేసి రుద్దేవారు. పొడి ఎక్కడ ఎక్కువ కోస్తుందో చేతిలో ఉండదు. విట్‌వర్త్ దాన్ని మాన్పించి, నీలం లాంటి రంగు పూసి ఎత్తు కనుక్కుని, కనుక్కున్నచోటే గీకమన్నాడు. రెంటితో ఆగకుండా మూడు పలకలు పెట్టమన్నాడు. 1833లో మాంచెస్టరులో సొంత కర్మశాల పెట్టుకున్నాడు. 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో ఈ చదును పలకల మీద వ్యాసం చదివాడు. ఇవాళ నల్లరాతి పలకలున్నాయి, లేజరు కొలతలున్నాయి. అయినా కొలిచే పనిముట్టునే ఇంకోదానితో కొలిచి చూడాలన్న నియమం అలాగే ఉంది. మంచి కర్మాగారాల్లో తయారుచేసే విభాగం వేరు, సరిచూసే విభాగం వేరుగా ఉండటం అందుకే.

ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఒకటుంది. ముందుగా ఒక సరైన పలక ఎక్కడి నుంచీ రాలేదు. వంకరగా ఉన్న మూడు వస్తువులు, ఒకదాని తప్పును ఇంకొకటి చూపించుకుంటూ, తమలో ఏదీ ఎరగని చదునుకు చేరాయి. అంటే మూడోవాడు మనకన్నా గొప్పవాడు కానక్కర్లేదు. చదువుకున్నవాడు కానక్కర్లేదు. మనతో కలిసి అరగనివాడైతే చాలు. కథలోని కుర్రాడికి లేతు గురించి అన్నదమ్ములకు తెలిసినదాంట్లో పదో వంతు తెలియదు. అయినా వాడి చేయి చెప్పింది నిజం. ఎందుకంటే ఆ మిషను కొనాలన్న కోరికలో వాడికి పాలు లేదు.

మన ఇళ్లలో మూడో మనిషి అంటే భయం. మన మాట మూడో చెవిన పడకూడదంటాం. విడదీయడానికి వచ్చే మూడోవాడి గురించి ఆ భయం న్యాయమే. కానీ ఆ భయంతోనే ఇంట్లో ఉన్న మూడో మనిషిని కూడా నోరెత్తనివ్వం. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో తెలుగు ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. అమ్మా నాన్నా మాట్లాడుకుంటారు. ఎంపీసీ అనుకుంటారు. కాలేజీ కూడా అనుకుంటారు. ఇద్దరి మాటా కలిసింది కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ చదువు చదవాల్సిన పిల్ల మాత్రం "నాకు లెక్కలు పట్టుబడటం లేదు" అని ఎప్పుడో ఒకసారి మెల్లగా అని ఉంటుంది. "అలవాటు లేక" అని ఒకరు, "కూర్చుంటే అదే వస్తుంది" అని ఒకరు అని ఉంటారు. హాస్టలు నుంచి పిల్ల చిక్కి, మాట తగ్గి తిరిగొచ్చాక గాని నడుమ కొలవాలని ఎవరికీ తోచదు. తల్లిదండ్రుల ప్రేమలో లోపం లేదు. వాళ్లు ఒకరినొకరు అడిగారు, అడగాల్సిన మూడోదాన్ని అడగలేదు.

మూడో మాట విన్నంతలో పని అయిపోదు. కాగితాలు లాగి చూశాక అన్నదమ్ములకు అసలు కష్టం మొదలైంది. గుంటను పూడ్చే దారి లేదు, మెరుస్తున్న కొసనే గీకాలి. మన జీవితాల్లోనూ దిగవలసింది ఎప్పుడూ మనం గర్వపడే చోటే. సంస్థ సరిగా నడవకపోతే రోజూ పనిచేసి అరిగిన మనిషి మీద తప్పు వేయడం తేలిక. చాలాసార్లు పై కుర్చీలో, పని తగలక నిగనిగలాడుతున్న చోటు కిందికి దిగవలసి ఉంటుంది. దానికి ఒప్పుకోనివాళ్లు మూడో మనిషిని పిలిచినా ప్రయోజనం లేదు. పిలిచి, విని, మళ్లీ పాత పొందికకే పోతారు.

ఈ కథకు లేతును ఎంచుకోవడానికి నాకు ఇంకో కారణం ఉంది. మన నేల మీద ఈ విద్య నేర్చినవాళ్లు చాలామంది ఉండేవారు. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. 1953లో బెంగళూరులో పుట్టిన హెచ్‌ఎంటీ తర్వాత హైదరాబాదుకూ వచ్చింది. బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి ఉంది. మిషన్లు చేసే కర్మాగారాల్లో తర్ఫీదైన ఫిట్టర్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. కాగితం పట్టీ లాగి బెడ్డు గుంట ఎక్కడుందో చెప్పగల చేతులు తగ్గిపోతున్నాయి. వాళ్లు తయారుచేసిన లేతులేమో, ఒక్క బెడ్డు సరిచేస్తే ఇంకో ముప్ఫై ఏళ్లు పనిచేసేవి, కాటా మీద తుక్కుగా తూగి పోతున్నాయి. ఐటీఐల్లో చదివే పిల్లలకు స్క్రేపరు పట్టే పెద్దవాళ్ల పక్కన కొన్నాళ్లు కూర్చునే వీలు కల్పించాలి. ఇది పుస్తకంలో చదివితే వచ్చే పని కాదు.

పాత లేతు కొనబోయేవారికి ఒక మనవి. రంగు చూడకండి. సాడిల్‌ను చక్కు దగ్గర బిగించి, అవతలి కొస దాకా మీ చేత్తో తిప్పి చూడండి. కడ్డీని కొసలతోపాటు నడుమ కూడా కొలవండి. భాగస్తుడినీ బావమరిదినీ వెంట తీసుకెళ్లినా సరే, ఆ బేరంలో వాటాగానీ కమిషనుగానీ లేని మనిషిని ఒకరిని తప్పకుండా తీసుకెళ్లండి. ఆ మనిషి ఏదైనా అంటే, డబ్బు ఇచ్చే ముందు ఆగి వినండి.